గంటలో దిగిపోతాం

విశాఖపట్నం నుంచి విజయవాడకు విమానంలో ఎంతసేపు? మీ చేతిలో ఫోనుంది, అడిగి చూడండి. రెండు విమానాశ్రయాల పేర్లు కొడితే చాలు, మధ్యన ఒక గీత గీసి ఇన్ని కిలోమీటర్లు, ఇంతసేపు అని ఠక్కున చెబుతుంది. కాస్త అటూ ఇటూగా గంట. ఆ లెక్కను నేను తప్పు పట్టను. రెక్కలున్నవాటికి అది సరిగ్గా సరిపోతుంది.

భోగాపురం కొత్త విమానాశ్రయం గురించి మా వైపు ఏ టీకొట్టు దగ్గర నిలబడినా మాటలు వినిపిస్తున్న రోజులివి. "ఇంక మనకన్నీ దగ్గరే" అంటున్నారు. సంతోషమే. కానీ ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా నాకు ఒక పల్లె వీధిలో ఇంజను ఆపి నిలబెట్టిన తెల్ల కారు గుర్తొస్తుంది. దాని బంపరుకు వేలాడుతున్న నిమ్మకాయలు, మిరపకాయలు గుర్తొస్తాయి. ఆ సంగతి కుర్రకారు కోసం రాస్తున్నాను. పెద్దవాళ్ళు చదివినా అభ్యంతరం లేదు, మారతారన్న ఆశ మాత్రం పెద్దగా లేదు.

నేను డయాలిసిస్ టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. శ్రీకాకుళం జిల్లాలో ఒక ప్రభుత్వ ఆసుపత్రి. మా జిల్లాలో కిడ్నీ జబ్బు సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. కిడ్నీలు పనిచెయ్యడం మానేసినవాళ్ళు వారానికి రెండు మూడుసార్లు వచ్చి మంచం మీద పడుకుంటారు. చేతికి రెండు సూదులు గుచ్చి, రక్తాన్ని బయటికి తెచ్చి, మిషనులో కడిగి మళ్ళీ లోపలికి పంపిస్తాం. నాలుగు గంటలు పడుతుంది. అంతసేపూ ఆ చెయ్యి కదపకూడదు, నోరు మాత్రం కదపొచ్చు. అందుకే మా వార్డులో నడిచినన్ని కబుర్లు రచ్చబండ మీద కూడా నడవవు.

నేను చీపురుపల్లి వైపువాణ్ణి. చదువుకునే రోజుల్లో గ్రంథాలయం హాల్లో వాదనలు పెట్టేవాళ్ళం. దేవుడున్నాడా, జాతకం నిజమా, వితంతువుకు బొట్టెందుకు ఉండకూడదు. ఇవీ మా విషయాలు. గొంతు పోయేదాకా వాదించి, ఎదుటివాడి దగ్గరే బీడీ అడిగి తీసుకుని ఇంటికి పోయేవాళ్ళం. ఆ జబ్బు నాకు ఉద్యోగంలోనూ వదల్లేదు.

మా వార్డులో హెడ్ సిస్టరు ఒకావిడ ఉండేది. ఆదివారం ప్రార్థన ముగించుకునే డ్యూటీకి వచ్చేది. షిఫ్టు మొదలుపెట్టే ముందు ఒక్కో మిషను మీద చెయ్యి వేసి, ఒక్క క్షణం కళ్ళు మూసుకునేది.

"సిస్టర్, అది కరెంటుతో నడుస్తుంది, ప్రార్థనతో కాదు" అనేవాణ్ణి.

"మరి కరెంటు పోతే మీరేమంటారండీ? 'అయ్యో దేవుడా' అనే కదా! మొన్న విన్నాను."

"అది నాలుక అలవాటు. నమ్మకం మెదడులో ఉంటుంది."

"అయితే మీ నాలుకకి రక్షణ దొరికినట్టే. మిగతాది కూడా మెల్లగా దొరుకుతుంది లెండి."

మంచాల మీదివాళ్ళు నవ్వేవాళ్ళు. "కదలకండి, సూది జారుతుంది!" అని ఇద్దరం ఒకేసారి అరిచేవాళ్ళం. ఆ ఒక్క విషయంలో మాకెప్పుడూ తేడా రాలేదు.

మా దగ్గరికి నరసన్నపేట అవతల ఒక పల్లె నుంచి ఒక కుర్రాడు వచ్చేవాడు. జబ్బుపడకముందు ట్రాక్టరు నడిపేవాడు. ముప్పై దాటలేదు. ఇంట్లో భార్య, బడికెళ్ళే కూతురు, తల్లి. తండ్రి ఇదే జబ్బుతో ఎప్పుడో పోయాడు. వీడికి సూది గుచ్చడానికి చేతిలో ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం రెండుసార్లు మూసుకుపోయింది. మూడోది ఎన్నాళ్ళు పనిచేస్తుందో మాకూ తెలియదు, డాక్టరుగారికీ తెలియదు. అది కూడా పోతే మిషనుకి దారి ఉండదు. ఇంకెవరిదైనా కిడ్నీ పెట్టించడం ఒక్కటే మిగిలింది. భార్య ఇస్తానంది, రక్తం గ్రూపు కుదరలేదు. తల్లి ఇస్తానంది. పరీక్ష చేస్తే ఆమె కిడ్నీలు కూడా అప్పటికే అరిగిపోతున్నాయని తేలింది. కొడుకు కోసం పరీక్షకొచ్చిన మనిషి తన జబ్బు సంగతి తెలుసుకుని వెళ్ళింది.

ఇక మిగిలింది, ఎక్కడో బ్రెయిన్ డెడ్ అయిన మనిషి తాలూకు కుటుంబం పెద్దమనసుతో ఇచ్చే కిడ్నీ. దానికోసం విజయవాడలో ఒక ఆసుపత్రిలో పేరు నమోదు చేయించాం. అలా వచ్చిన కిడ్నీని ఐసులో పెట్టి ఎంతోసేపు ఉంచలేరు. ఫోను చేసిన వెంటనే రోగి అక్కడ వాలాలి. అందుకని ఆ ఆసుపత్రిలో జాబితా చూసే అమ్మాయి మా వార్డుకు ఫోను చేసి మొదటగా అడిగిన ప్రశ్న ఒకటే. "మేం పిలిస్తే మీవాళ్ళు ఎంతసేపట్లో రాగలరు?"

స్పీకరు పెట్టాను. మంచం పక్కన నిలబడ్డ కుర్రాడి అక్క మొగుడు అందుకున్నాడు. నరసన్నపేటలో సెల్‌ఫోన్ల కొట్టు నడిపేవాడు. కుర్రాడు అతన్ని బావ అనేవాడు, వార్డులో అందరికీ అతను బావే.

"గంట మేడమ్! ఇమానంలో గంటలో దిగిపోతాం."

ఆ అమ్మాయి పాపం అదే రాసుకుంది. నేను ఫోను పెట్టేశాక అడిగాను. "ఏం బావా, మీ గుమ్మంలో రన్‌వే ఉందా?"

"ఏటి సారూ, మీరు మాటకి ముందు సైన్సు సైన్సంటారు. ఇదిగో, సైన్సే సెప్తన్నాది సూడండి" అని తన ఫోను నా ముక్కు కిందికి తెచ్చాడు. రెండు విమానాశ్రయాలు, మధ్యన గీత.

నా కత్తితో నన్నే పొడిచాడు. ఆ గీత అబద్ధం కాదు. కానీ ఆ గీతకు ఈ చివర పల్లె నుంచి హైవే దాకా మట్టిరోడ్డుంది, వంశధార వంతెన ఉంది, టోల్ గేట్ల దగ్గర లారీల వరుసలున్నాయి, విశాఖలో ఊరు మొత్తం ఈదాల్సిన ట్రాఫిక్కుంది. ఆపైన విమానం బస్సు కాదు, చెయ్యెత్తితే ఆగదు. అది వెళ్ళే వేళ దానిది. ఆ గీతకు ఆ చివర మళ్ళీ రోడ్డుంది. ఇవన్నీ చెప్పాను. బావ విన్నాడు. వినేసి, "అయినా ఇమానం గంటే కదండీ" అన్నాడు.

అంకెకు కూడా బొట్టు పెట్టి దండం పెట్టవచ్చునని నాకు ఆ రోజు తెలిసింది. పంతులు చెప్పినదాన్ని నమ్మేవాణ్ణి మనం మూఢుడంటాం. అద్దం మీద వెలిగే అంకెను, అది దేన్ని కొలిచిందో అడగకుండా నమ్మేవాణ్ణి ఏమనాలి? హేతువాదులమని చెప్పుకునే మేము ఈ రెండోవాడి జోలికి ఎక్కువగా వెళ్ళలేదు. చూడ్డానికి మావాడిలాగే కనిపిస్తాడు మరి.

"ఒక పని చెయ్యండి. ఒకసారి ఉత్తుత్తినే ఫోనొచ్చిందనుకుని బయల్దేరి, విశాఖ విమానాశ్రయం దాకా వెళ్ళి రండి. ఎంతసేపు పడుతుందో మీకే తెలుస్తుంది" అన్నాను.

అప్పటిదాకా నవ్వుతున్న బావ ముఖం మారిపోయింది. కుర్రాడు కూడా తల తిప్పుకున్నాడు. "ఒద్దు సారూ. ఉత్తినే బయలెల్లకూడదు. అసలు రోజున ఆ పయానం కలిసిరాదు" అన్నాడు బావ.

చివరికి నా సెలవురోజున ఆ పల్లెకు వెళ్ళి, అక్కడి నుంచి విమానాశ్రయం గేటుదాకా నేనే వెళ్ళొచ్చాను. నా భార్య చుట్టాలకు చెప్పి నవ్వింది, "గేటు సూసొచ్చీడానికి ఎల్లేడండీ ఈ మనిషి!" అని. ఆ తిరుగుడు వల్ల నాకొక సంగతి బోధపడింది. ఫోనెప్పుడు వస్తుందో తెలియదు. విమానం అందే వేళకు వస్తే విమానం, లేకపోతే తిన్నగా విజయవాడదాకా రోడ్డే. ఏదైనా సరే, ముందు హైవే ఎక్కాలి. ఎక్కాక ఆలోచించుకోవచ్చు. "ఫోనొస్తే నీళ్ళు తాగడానికి కూడా ఆగకండి, కదలండి" అని వాళ్ళకు చిలక్కి చెప్పినట్టు చెప్పాను. తలలూపారు.

ఆ పల్లెకు వెళ్ళిన రోజే ఇంకో సంగతి తెలిసింది. కుర్రాడి తల్లిని అంతకుముందు పరీక్షలప్పుడు మాత్రమే చూశాను. కొడుకు వెంట వార్డుకు ఎప్పుడూ రాదు. వాళ్ళింట్లో కూర్చుని అడిగాను. "మీ అమ్మ నిన్ను సాగనంపడానికైనా రాదేం?"

"పెరట్లో ఉంటాది సార్. నాను ఆస్పత్రికి బయలెల్లినప్పుడల్లా గడ్డిమేటు ఎనక్కెల్లిపోతాది. బండి సప్పుడు పోయినాకే ఇటొస్తాది."

"ఎందుకు?"

వాడు నన్ను విచిత్రంగా చూశాడు, ఇంత చదువుకున్నవాడికి ఇది కూడా తెలియదా అన్నట్టు. "ఎదురు రాకూడదు కదా సార్."

తెలుసు. మా అమ్మమ్మ కాలం నుంచి తెలుసు. ప్రయాణానికి ముత్తైదువ ఎదురొస్తే మంచిది, భర్త లేని ఆడది ఎదురొస్తే కీడు. గ్రంథాలయం హాల్లో ఈ మాట మీద నేను బల్ల గుద్దినన్నిసార్లు మరే మాట మీదా గుద్దలేదు. కన్నతల్లి ముఖం కొడుకు ప్రయాణానికి కీడని చెప్పినవాడెవడో, వాడు నేలలోంచి మొలిచాడా, తల్లి కడుపున పుట్టాడా? చెట్టంత కొడుకు చావుకీ బతుకుకీ మధ్య వారానికి రెండుసార్లు ప్రయాణం చేస్తుంటే, వాడు వీధి మలుపు తిరిగేదాకా గడ్డిమేటు వెనక ఊపిరి బిగబట్టి నిలబడే తల్లి ప్రేమను అపశకునమనే ఊరు ఎలాంటి ఊరు? ఇవన్నీ అక్కడే అనేశాను. ఆమె పెరటి గుమ్మంలో నిలబడి అంతా విని, "టీ సల్లారిపోతన్నాది బాబూ, తాగండి" అంది. అంతే.

అసలు రోజు వేసవిలో వచ్చింది. పొద్దున షిఫ్టువాళ్ళను మిషన్ల మీదికి ఎక్కించాక నా ఫోను మోగింది. విజయవాడ నుంచి ఆ అమ్మాయి. "ఒక కిడ్నీ వస్తోంది. మీవాడికి గ్రూపు సరిపోయింది. ఇంకొకరిని కూడా పిలిచాం, ఇక్కడ పరీక్ష చేశాక ఎవరికి కుదిరితే వాళ్ళకి పెడతారు. మీవాళ్ళకి ఎప్పుడో ఫోను చేశాం. కాసేపాగి బయల్దేరతామన్నారు. మీరొకసారి చూస్తారా?"

కాసేపాగి! సిస్టరు వైపు చూశాను. "మీరెళ్ళండి. మిషన్లు నేను చూసుకుంటాను" అంది. మళ్ళీ, "అక్కడ ఉపన్యాసం చెప్పకండి" అని కూడా అంది. మోటారుసైకిలు తీశాను.

వీధిలో తెల్ల కారు నిలబడి ఉంది. డ్రైవరు చెట్టునీడన కూర్చుని పళ్ళు కుట్టుకుంటున్నాడు. కారుకు నిమ్మకాయలు కట్టడం అయింది, కొబ్బరికాయ కొట్టడం అయింది. కుర్రాడు ఇస్త్రీచొక్కా వేసుకుని అరుగు మీద కూర్చున్నాడు, పక్కన భార్య. వాకిట్లో కుర్చీ వేసుకుని ఒక పెద్దమనిషి, ఒళ్ళో పంచాంగం. కుర్రాడి తల్లికి అన్నగారు. పాతపట్నం నుంచి ముందురోజే చుట్టపుచూపుగా వచ్చాడట.

"బావా, ఎందుకాగారు?" అన్నాను.

"టిక్కెట్లు కొట్టేసినాను సారూ! మద్దేనం ఇమానం. మీరేటి కంగారు పడకండి, ఎక్కితే గంటలో దిగిపోతాం. మావ వర్జ్యం అన్నాడు. అది దాటీగానే బయలెల్లిపోతాం."

చూశారా ఎక్కడ పట్టుకుందో! రోడ్డు మీద వెళ్ళాల్సి ఉంటే, దారి పొడవు తలుచుకుని వాళ్ళే పరుగెత్తేవాళ్ళు. గంటే అన్న ధైర్యం వర్జ్యానికి చోటిచ్చింది. మనిషి తెలివి సముద్రాన్నీ కొండల్నీ దాటి రోజంతా పట్టే దారిని గంటకు కుదించింది. అలా మిగిలిన సమయాన్ని తీసుకెళ్ళి మనం పంచాంగం పాదాల దగ్గర పెట్టాం.

"వర్జ్యమా? అక్కడ కిడ్నీ ఐసులో ఉంది!" అన్నాను.

పెద్దాయన నెమ్మదిగా తలెత్తాడు. "సూడు బాబూ, నువ్వు మిసన్ల కాడ పనిసేసేవోడివి. నీ పని కాడ నాను మాటాడతానా? ఇంత పెద్ద కోతకి ఎల్తన్నోడు సెడ్డ గడియలో ఎలాగ ఎల్తాడు?"

"చెడ్డ గడియ మంచి గడియ అని గడియారానికి తెలుసా? ఇదే గడియలో ఎందరో పుడుతున్నారు..."

"పుట్టినోళ్ళందరూ బాగున్నారేటి మరి?"

అక్కడ నేను జారాను. సిస్టరు చెప్పిన మాట మరిచిపోయాను. వర్జ్యం ఎలా లెక్కిస్తారో నాకు తెలుసు. నక్షత్రాల సంగతి తెలుసు. పక్క రాష్ట్రపు పంచాంగానికీ మనదానికీ తేడాలొస్తాయని తెలుసు. ఒక్కొక్కటీ తీశాను. పెద్దాయన కూడా సామాన్యుడు కాదు. పాతపట్నంలో ఒడియా పంచాంగం, తెలుగు పంచాంగం రెండూ చూసేవాడట. "రెండిట్లోనూ ఇయ్యాల వర్జ్యం ఉన్నాది, ఏటంటావు?" అన్నాడు. నేను ఒకటంటే ఆయన రెండన్నాడు. వీధిలో జనం పోగయ్యారు. ఎవరో "బాగా అడిగినాడు" అని కూడా అన్నారు. అది ఎవరిని అన్నారో తెలియకపోయినా, సిగ్గు లేకుండా, నన్నే అనుకుని సంతోషించాను. వర్జ్యం ఎంత కాలాన్ని మింగుతుందో అంత కాలాన్నీ నా వాదన కూడా మింగేస్తోందని నాకు తట్టలేదు. కుర్రాడు అరుగు మీద చెప్పులు తొడుక్కుని, విప్పి, మళ్ళీ తొడుక్కుంటున్నాడు.

ఆ సమయానికి ఇంటి పక్క సందులోంచి ఆమె వచ్చింది.

పెరట్లోంచి చుట్టూ తిరిగి వచ్చింది. బోడి నుదురు, పాత నేతచీర, పాదాలకు గడ్డిపరకలు. వచ్చి తిన్నగా కారు ముందు నిలబడింది.

"ఒసే! ఏటి సేసినావే నువ్వు!" అని పెద్దాయన కుర్చీలోంచి లేచాడు. పంచాంగం కింద పడింది.

ఆమె గొంతు పెంచలేదు. "ఇంకేటి సూస్తావు అన్నా? ముండమోపి ఎదురొచ్చేసినాది. వర్జ్యం దాటినా ఈ దోషం పోదు. ఇయ్యాల్టికి మంచి గడియ ఇంక నేదు. దేనికోసం ఆగుతావు?"

పెద్దాయన పంచాంగంలో దానికి జవాబు లేదు. నా తర్కంలోనూ అంత చిన్న వాక్యం లేదు.

ఆమె కొడుకు వైపు తిరిగింది. "లెగరా. అల్లుడూ, బండి తియ్యి. సెడ్డంతా నామీదకి ఎట్టీసి ఎల్లండి."

కుర్రాడు లేచాడు. బావ డ్రైవరును కేకేశాడు. నేను కూడా వెనక సీట్లో కూర్చున్నాను. కారు వీధి మలుపు తిరుగుతుంటే వెనక్కి చూశాను. కోడలు ఏడుస్తోంది. ఆమె మాత్రం వీధి మధ్యలోనే నిలబడి ఉంది. బహుశా కొడుకు వెళ్ళడాన్ని ఆమె కళ్ళారా చూసింది ఏళ్ళ తర్వాత అదే మొదటిసారి.

దారి పొడవునా బావ ఫోనులో గీతను చూస్తూనే ఉన్నాడు. టోల్ గేటు దగ్గర లారీల వెనక ఇరుక్కున్నప్పుడు చెమటలు పట్టి, "ఈ గీతలో ఇవేటీ నేవు సారూ" అన్నాడు. ఆ ఒక్క రోజుకు నోరు తెరిచే హక్కు పోగొట్టుకున్నాను. విమానాశ్రయంలో కౌంటరు మూసే వేళకు ఇద్దరూ పరుగెత్తారు. కుర్రాడికి ఆయాసం. లోపలికి వెళ్ళాక అద్దంలోంచి చెయ్యి ఊపాడు. విమానం గంటలోనే దిగింది. ఆ గంట ఫోను చెప్పినట్టే జరిగింది. దానికి ముందూ వెనకా ఉన్నదే ఫోనుకు తెలియదు.

వాళ్ళు వేళకే చేరారు. రక్తాలు కలిపి పరీక్ష చేశారు. మావాడికి కుదరలేదు, పిలిచిన రెండో మనిషికి బాగా కుదిరింది. ఆయనా ఎవరికో కొడుకే, ఎవరికో తండ్రే. కిడ్నీ ఆయనకు పెట్టారు. బావా బావమరిదీ రైలెక్కి తిరిగొచ్చారు.

తర్వాత ఏం జరిగిందో మీరు ఊహించగలరు. "సెప్పినానా?" అన్నాడు పెద్దాయన. ఊరంతా అదే అంది. తల్లే కొడుకు అదృష్టానికి అడ్డుపడిందన్నారు. బావి దగ్గర ఆడవాళ్ళు ఆమె వస్తే బిందె తీసుకుని తప్పుకున్నారట. ఆమె వీధి గుమ్మం వైపు రావడమే మానేసింది. అదివరకు కొడుకు బయల్దేరినప్పుడే పెరట్లో దాక్కునేది. ఇప్పుడు అన్ని వేళలా పెరట్లోనే.

వార్డులో నేను అరిచాను. ఊరును తిట్టాను, పంచాంగాన్ని తిట్టాను. సిస్టరు సూదుల ట్రే సర్దుతూ, "మీరరిస్తే ఆవిడ పెరట్లోంచి బయటికొస్తుందా? వచ్చేదైతే నేనూ అరుస్తాను" అంది. ఆ మాట నాకు గట్టిగా తగిలింది. తల్లి చేసిన పనిని అందరూ శకునంతో కొలుస్తున్నారు. ఆమె తరఫున వాదించే నేను కూడా శకునం చుట్టూనే తిరుగుతున్నాను.

మిషను మీదున్న కుర్రాడు నన్ను పిలిచాడు. "సార్, ఆ రోజు ఇంకాసేపు ఆగుంటే ఇమానం అందేదేటి?"

"అందేది కాదు."

"అందకపోతే ఆ రెండో ఆయనకే పెట్టేద్దురు. నాకు రక్తం సూసేవోళ్ళు కూడా కాదు."

"అంతే."

"మరి అమ్మ ఎదురొచ్చినాది మంచికా, సెడ్డకా?"

నా దగ్గర గంటసేపు చెప్పగలిగిన జవాబుంది. దిగమింగుకున్నాను. "నువ్వే ఆలోచించు. ఇంకా రెండు గంటలుంది కదా" అన్నాను. వాడు పైకప్పు చూస్తూ పడుకున్నాడు.

కుర్రకారుకు ఒక మాట. వాదనలో గెలవడం సులువు. ఎదుటివాణ్ణి ఒక ప్రశ్నతో ఒంటరిగా వదిలెయ్యడం కష్టం. నాకది రావడానికి ఉద్యోగమంతా పట్టింది.

రెండో ఫోను వానాకాలంలో వచ్చింది. నాకు రిటైర్మెంటు దగ్గరపడింది. పొద్దున్నే తుపాను గాలి, విమానాలు నిలిపేశారని వార్త. నా ఫోను మోగింది. అవతల కారు హోరు, వాన చప్పుడు, మధ్యలో కుర్రాడి గొంతు.

"సార్! ఇజీవాడ నుంచి ఫోనొచ్చినాది. ఇమానాలు నేవంట. రోడ్డునే ఎల్తన్నాం. వంశధార దాటీసినాం."

"వర్జ్యమేమైనా..." అనబోయాను.

"సూణ్ణేదు సారూ" అని బావ గొంతు వినిపించింది. "మావకి సెప్పనేదు కూడాను."

వాళ్ళు బయల్దేరిన తీరు తర్వాత ఆ ఇంటి అరుగు మీద కూర్చుని విన్నాను. కారు వచ్చి ఆగిందట. కుర్రాడు ఎక్కలేదు. ఇంట్లోంచి పెరటిదాకా వెళ్ళి కేకేశాడు. "అమ్మా, ఎదురు రా!"

ఆమె వానకు తడిసిన పిడకలు చూరు కిందికి సర్దుతోంది. రానంది. "ఒకపాలి వచ్చినాను, సాలు. ఈపాలి ఎల్లు నాయనా" అందట.

"నువ్వొస్తేనే ఎక్కుతాను."

"ఏటి అత్తా, బేగి రా!" అని బావ కారులోంచే అరిచాడు. "ఇయ్యాల ఇమానం కూడా నేదు! నీకోసం ఆగితే ఎప్పుడెల్తాం?"

ఆ మాటకు కదిలింది. తన కోసం బండి ఆగకూడదు. చేతుల పేడ కూడా కడుక్కోకుండా, నెత్తిన గోనెసంచి కప్పుకుని ఇంట్లోంచే నడిచి వీధి గుమ్మం దాటిందట. కొడుకు ఆమె కారు ముందుకు వచ్చేదాకా చూసి, ఎక్కాడు. విశాఖ నుంచి విజయవాడకు ఎంత దూరమో చెప్పే ఫోను, పెరటి నుంచి వీధికి ఎంత దూరమో చెప్పదు.

రోడ్డున వెళ్ళారు. రోజంతా వానలో వెళ్ళారు. సాయంత్రానికి చేరారు. ఈసారి రక్తాలు కుదిరాయి. నేనిక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. కుదరడం ఒంట్లో కణాల సంగతి. మొదటిసారి కుదరకపోవడానికి ఆమె కారణం కాదు, రెండోసారి కుదరడానికీ ఆమె కారణం కాదు. ఆమె చేసింది ఒక్కటే, రెండుసార్లూ బండిని కదిలించింది.

ఇప్పుడు వాడు మళ్ళీ ట్రాక్టరు ఎక్కాడు. బరువులు ఎత్తడు, మందులు తప్పడు. మా సిస్టరు దాన్ని తన ప్రార్థనల ఖాతాలో వేసుకుంది. నేను వాదించలేదు. ముసలివాణ్ణయ్యాను.

మొన్న ఆ పల్లెకు వెళ్ళాను. ఊరు మారింది, కానీ నేను కోరుకున్నట్టు మారలేదు. ఆమె ఎదురొస్తే కలిసొస్తుందని ఇప్పుడు పేరు పడింది. ఉద్యోగం పరీక్షలకు వెళ్ళే పిల్లలు, కోర్టు వాయిదాకు వెళ్ళేవాళ్ళు, ఆఖరికి అప్పుడు బావి దగ్గర బిందె తీసుకుని తప్పుకున్న ఆడవాళ్ళు కూడా "పిన్నీ, ఒక్కపాలి ఎదురు రావా" అని అడుగుతున్నారట. పాతపట్నం పెద్దాయన తన మనవడి ప్రయాణానికి కబురుపెట్టాడని బావ చెప్పి పగలబడి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. మూఢత్వాన్ని చంపామనుకున్నాం, అది చీర మార్చుకుని వచ్చింది.

ఆమె వీధి అరుగు మీద కూర్చుని చేటలో మినుములు ఏరుతోంది. పక్కన మనవరాలు బడిపుస్తకం తెరుచుకుని ఉంది. ఎవరో కుర్రాడు సంచి భుజాన వేసుకుని బస్సుకు వెళ్తూ, ఆమె లేస్తుందేమోనని కాసేపు ఆగి చూసి, వెళ్ళిపోయాడు.

"అమ్మా, పిలుస్తున్నారట కదా. వెళ్తున్నారా?" అని అడిగాను.

ఆమె తలెత్తలేదు. ఒక రాయి ఏరి వీధిలోకి విసిరింది.

"నేదు బాబూ. నానెవులికీ ఎదురెల్లను, ఎవులికీ దాక్కోను. ఇక్కడ కూకుంటాను. ఎల్లేవోలు ఎల్తారు, వచ్చేవోలు వస్తారు."